నాలుగో నంబర్ డబ్బా

బుడమేరు నీళ్ళు దిగాక సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ళింట్లో బురదలోంచి ఒక ట్రంకు పెట్టె తీశారు. అందులో పెళ్ళి ఆల్బమ్, కాస్త ఇత్తడి సామాను, అడుగున ఒక వీడియో గేమ్ డబ్బా ఉన్నాయి. ఆల్బమ్ ముద్దయిపోయింది. ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమితే తెల్లారేసరికి మళ్ళీ మెరిసింది. డబ్బాని ఏం చెయ్యాలో తెలీక అక్క ఫోన్ చేసింది.

"పారేద్దామారా?"

"దాని మీద నెయిల్ పాలిష్‌తో నాలుగు అని రాసుందేమో చూడు."

బురద తుడిచిన చప్పుడు వినిపించింది. "ఉంది. ఎర్రగా."

"అయితే ఉంచు. నేనొస్తున్నా."

2024 సెప్టెంబర్ 1 నాటి సంగతి బెజవాడలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కావాళ్ళు మేడెక్కి బయటపడ్డారు, కింది వాటా మునిగింది. నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. తర్వాత ఫైరింజన్లొచ్చి వీధులూ ఇళ్ళూ కడుగుతుంటే ఫ్రిజ్‌లు, పరుపులు, ఇన్వర్టర్లు రోడ్డు పక్కన వరసగా పడున్నాయి. ఆ వరస పక్క నిలబడి పాతికేళ్ళు దాటిన టీవీ గేమ్ గురించి మాట్లాడ్డానికి నాకే సిగ్గేసింది. ఏమీ మాట్లాడకుండా సంచీలో వేసుకుని వచ్చేశాను.

ఈ డబ్బా గుంటూరు అరండల్‌పేటలో ఒక గేమ్ షాపుది. 1996, 97 నాటి మాట. ఒకటే గది. అయిదు టీవీలు, అయిదు డబ్బాలు, కూర్చోడానికి చాపలు, అరగంటకి మూడు రూపాయలు. కంట్రోలర్ అనే మాట మాకు తెలీదు, రిమోట్ అనేవాళ్ళం. ఒకడి రిమోట్ ఇంకొకడు లాక్కుని గొడవలు పడుతున్నారని షాపు అన్న వాళ్ళావిడ తన నెయిల్ పాలిష్‌తో డబ్బాలన్నిటికీ, రిమోట్లన్నిటికీ నంబర్లు వేసింది. నాలుగో నంబర్ రిమోట్‌లో ‘ఏ’ (A) బటన్ కుడి మూల మీద నొక్కితేనే పలికేది. అందుకని కొత్తవాళ్ళు దాని దగ్గర కూర్చునేవాళ్ళు కాదు, నాకెప్పుడూ ఖాళీగా దొరికేది. మా బావకి రెండో నంబర్ కావాలి. అది దొరక్కపోతే బయట అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాడు గానీ వేరేది ముట్టుకునేవాడు కాదు.

2003 నాటికి ఆ గది ఇంటర్నెట్ సెంటర్ అయిపోయింది. అన్న డబ్బాలు వదిలించుకుంటుంటే రెండూ నాలుగూ కలిపి మూడొందలకి కొన్నాను. కొన్నానన్న మాటే గానీ ఉద్యోగాల తిరుగుళ్ళలో అవి అక్కావాళ్ళింట్లోనే ఉండిపోయాయి.

పాత కంప్యూటర్లూ గేమ్ మెషిన్లూ బాగుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్ళందరికీ పట్టుకునే మాట ఒకటుంది, ‘ఒరిజినల్ కండిషన్’. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా చెయ్యాలి. అదే మార్కు స్క్రూ, అదే రంగు స్టిక్కరు, వీలైతే అట్టపెట్టె కూడా. 1982లో ఇంగ్లండ్‌లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కి ఆ పట్టుదల అర్థవంతమే. ఏ బోర్డు ఎప్పుడొచ్చింది, రబ్బరు మీటల కింద ఏ పొర ఉండాలి, అన్నిటికీ లెక్కలున్నాయి. 1983 జులైలో జపాన్‌లో నింటెండో అమ్మిన ఫ్యామికామ్ అనే గేమ్ మెషిన్‌కీ అంతే.

మరి మన డబ్బాకి ఏ ఫ్యాక్టరీ? పైన అట్ట మీద ఒక పేరుండేది, డబ్బా మీద స్టిక్కరు ఇంకో పేరు చెబుతుంది, లోపల బోర్డు మీద ఏ పేరూ లేదు. చిప్‌లు తైవాన్‌లో యూఎంసీ కంపెనీ వాళ్ళవి, అవి నింటెండో చిప్‌లకి నకళ్ళు. క్యాసెట్ మీద 9999999 గేములని ఉంటుంది, లోపల లెక్కపెడితే నాలుగైదు, మిగతావన్నీ అవే గేములు వేరే లెవెల్ నుంచి మొదలవుతాయి. పుట్టుకే డూప్లికేటు. ఇలాంటి దానికి ‘ఒరిజినల్’ తేవడమంటే ఊరూ పేరూ లేనివాడి జాతకం రాయించడం లాంటిది.

నేననేది ఏంటంటే, మన డబ్బాల్లో ఒరిజినల్ అనదగ్గది ఫ్యాక్టరీ తర్వాతే మొదలైంది. మెకానిక్ వేసిన అతుకు, షాపామె వేసిన నంబరు, పిల్లల వేళ్ళకి అరిగిన బటన్. రీస్టోరేషన్ పేరుతో మనం మొట్టమొదట తీసి పారేసేది కూడా వాటినే.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివేం కాదు. 2019 మే నెలలో రెండో నంబర్ డబ్బాని చేతులారా నాశనం చేశాక వచ్చింది.

అప్పటికి అది పసుప్పచ్చగా తిరిగిపోయింది. ఏబీఎస్ ప్లాస్టిక్ ఎండకీ వేడికీ వయసుకీ అలా అవుతుంది. దానికి మందు హైడ్రోజన్ పెరాక్సైడు. బ్యూటీ పార్లర్ల సామాను అమ్మే షాపులో 12 శాతం క్రీము తెచ్చి, మూతంతా పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి డాబా మీద పెట్టాను. మే నెల, బెజవాడ ఎండ. సాయంత్రానికి మల్లెపువ్వులా అయింది. క్రీము మందంగా పడినచోటా పల్చగా పడినచోటా చారలు కూడా వచ్చాయి. అసలు తప్పు అంతకుముందే చేశాను. క్రీము సమంగా పట్టాలని, పైనున్న 2ని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచేశాను. అందులో అసిటోన్ ఉంటుంది, ఏబీఎస్‌ని కరిగిస్తుంది. అంకె పోయింది, అది ఉన్నచోట ప్లాస్టిక్ మసకబారి అరచేతిలో కాయలా గరుకుగా తేలింది. ఇంకో రెండేళ్ళకి, ఎండ తగలని బీరువాలో ఉన్నా, మళ్ళీ పసుపు తిరగడం మొదలెట్టింది. ఎండకి డబ్బులివ్వక్కర్లేదన్న తృప్తి తప్ప నాకేం మిగల్లేదు.

కాబట్టి నాలుగో నంబర్ విషయంలో ముందే ఒట్టు పెట్టుకున్నా, పై మూత జోలికి పోనని.

వరదలో మునిగిన బోర్డుని మళ్ళీ నీళ్ళతోనే కడగాలంటే మా ఆవిడ నమ్మలేదు. కరెంటు లేనప్పుడు నీళ్ళ వల్ల బోర్డుకి పెద్ద హాని లేదు. ఆ నీళ్ళు వదిలిపోయిన బురద, ఉప్పు, అవి గాల్లో తేమని పీల్చుకుని రాగి తీగల్ని మెల్లగా తినెయ్యడం, అదీ ప్రమాదం. ముందు కుళాయి నీళ్ళూ మెత్తటి పళ్ళ బ్రష్షూ. తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో దొరికేదే. ఆఖర్న సెల్‌ఫోన్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. నాలుగు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను. క్యాసెట్ దూర్చే స్లాట్‌లో 60 పిన్నులుంటాయి, సగానికి పైగా చిలుం పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తుడుస్తూ రెండు రాత్రులు గడిపాను. చిన్నప్పుడు గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదేవాళ్ళం కదా, ఆ చిలుంలో మా నోటి తడి వాటా కూడా ఉండే ఉంటుంది. అసలు పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. పిన్ను ఇంకోచోట ఆనుకునేది, అంతే.

బోర్డు కడిగాక లోపలున్నది బయటపడింది.

పవర్ స్విచ్ అసలుది కాదు. ఎప్పుడో విరిగిపోతే తీసేసి, ఇనప పుల్లలాంటి టాగుల్ స్విచ్ పెట్టాడు మెకానిక్. బోర్డు మీద తెగిన లైనుకి ల్యాండ్‌ఫోన్ కేబుల్లోని నీలం తీగతో అతుకేశాడు. పిల్లలు గుంజితే ఊడి రాకుండా రిమోట్ వైర్లకి లోపలివైపు ముడి వేశాడు, ఆ ముడి ఇప్పటికీ బిగువుగానే ఉంది. వోల్టేజీ తగ్గించే 7805 అనే మూడు కాళ్ళ ఐసీకి అల్యూమినియం తలుపు ఫ్రేములోంచి కోసిన ముక్కని బోల్టేసి బిగించాడు. దాని సరిగ్గా పైన, మూతకి, సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి పదకొండు కన్నాలు పెట్టాడు. రెండు వరసలు, రెండూ వంకరే.

బయటి దేశాల వీడియోల్లో ఇలాంటిది కనబడితే ‘ఎవరో పాడుచేశారు’ అని తల పట్టుకుంటారు. లెక్క వేసి చూడండి. అప్పటి ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మీద 9 వోల్టులని రాసున్నా నిజానికి 12 వచ్చేది. డబ్బాకి కావాల్సింది 5. మిగతా 7 వోల్టుల్నీ 7805 వేడిగా తగలెయ్యాలి. మూడొందల మిల్లీ ఆంపియర్ల దగ్గర అది రెండు వాట్లు. అల్యూమినియం ముక్క లేకపోతే ఒక్కో వాట్‌కీ ఆ ఐసీ లోపల 60 డిగ్రీలకి పైగా పెరుగుతుంది. గుంటూరు మే నెల, రేకుల గది, పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఆడే డబ్బా. వేడి 150 డిగ్రీల దరిదాపులకి వెళ్తే 7805 తనని తాను కాపాడుకోడానికి ఆపేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మా గేములు ఎందుకు హ్యాంగ్ అయ్యేవో, షాపు అన్న స్విచ్ ఆపి విసనకర్రతో డబ్బాకి ఎందుకు విసిరేవాడో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఒక వేసవిలో నాలుగో నంబర్ మాత్రం హ్యాంగ్ అవ్వడం మానేసింది, అది గుర్తుంది. ఆ పదకొండు కన్నాలు అప్పటివే.

అచ్చంగా ఇంజనీరింగే ఇది. తయారుచేసినవాడికి మన వేసవి తెలీదు, ఈయనకి తెలుసు.

అందుకే బాగుచెయ్యడానికి కూర్చున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది, ఎవరి పనిని చెరపకూడదు అని. ఇప్పుడు 7805 బదులు అదే సైజులో వేడెక్కని స్విచింగ్ మాడ్యూల్ దొరుకుతుంది. పెడితే సుఖమే. పెడితే ఆ అల్యూమినియం ముక్క పనిలేనిదైపోతుంది, కన్నాలూ అంతే. రెండు రోజులు ఊగిసలాడి మానేశాను. మార్చాల్సింది డబ్బా బయట మార్చాను, పాత అడాప్టర్ పక్కన పెట్టి కచ్చితంగా 9 వోల్టులే ఇచ్చే కొత్తది తెచ్చాను. వేడి దాదాపు సగమైంది. ఒక జాగ్రత్త. ఈ డబ్బాకి అడాప్టర్ పిన్ను లోపల మైనస్, బయట ప్లస్. ఇప్పటి వైఫై రూటర్ల అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులు. పొరపాటున అది గుచ్చితే కండెన్సర్ తుస్సుమంటుంది, చిప్‌లు పోయినా పోవచ్చు. మా ఇంట్లో ఎవరు ఏది గుచ్చుతారో ఎవరూ చెప్పలేరు గనక లోపల, కరెంటుని ఒక్కవైపే పోనిచ్చే డయోడు ఒకటి వేశాను.

కండెన్సర్ల విషయంలో మాత్రం నాకే మొహమాటమూ లేదు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు లోపల ద్రవంతో పనిచేస్తాయి, ఆరిపోతాయి, కారతాయి, కారితే బోర్డుని తినేస్తాయి. పది డిగ్రీలు ఎక్కువైతే ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. మన అటకల మీద మే నెలలో వాటి పరిస్థితి చెప్పక్కర్లేదు. 85 డిగ్రీల వేడి దాకా తట్టుకునేవి తీసేసి 105 డిగ్రీలవి వేశాను. ‘ఒరిజినల్’ కండెన్సర్లు ఉంచుకున్నామని గర్వపడేవాళ్ళని చూస్తే, కాలం చెల్లిన మందుబిళ్ళలు దాచుకున్నవాళ్ళు గుర్తొస్తారు.

ఇంత తంటా ఎందుకు, ఫోన్లో ఎమ్యులేటర్, అంటే పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రాము, ఉంది కదా అంటాడు మా బావ. ఆ మాటతో నాకు చాలా ఏళ్ళు పేచీ లేదు. ఫోన్లో ఆడాను కూడా. ఆడినప్పుడల్లా మారియో నా చేతికి చిక్కేవాడు కాదు, గుంత అంచు దాకా వచ్చి పడిపోయేవాడు. వయసు మీద పడిందనుకున్నా.

వయసు కాదు, టీవీ. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తాయి, ‘పాల్’ (PAL) అనే పద్ధతిలో నడిచే మన టీవీలు 50 సార్లు. ఈ గేములు బొమ్మకొక అడుగు చొప్పున నడుస్తాయి. అంటే 60 అడుగులు వెయ్యాల్సిన మారియో మా అరండల్‌పేట షాపులో 50 అడుగులే వేశాడు, ఆరోవంతు నెమ్మది. యూరప్‌లో నింటెండో అమ్మిన మెషిన్లూ 50తోనే నడిచేవి గానీ వాటిలో ప్రాసెసర్ వేగం కూడా 1.66 మెగాహెర్ట్‌జ్‌కి దించారు. మన డబ్బాల్లోని యూఎంసీ చిప్‌లలో అది 1.77 దగ్గరే ఉంది, జపాన్ మెషిన్‌ది 1.79. అందువల్ల పాట నడక నెమ్మదించింది గానీ శ్రుతి దాదాపు మారలేదు. పైగా నకలు చిప్‌లు కొన్నిటిలో రెండు రకాల బీప్ శబ్దాలు తారుమారయ్యాయి. ఒకటి పలకాల్సినచోట ఇంకోటి పలుకుతుంది. మనం విన్న మారియో పాట జపాన్ పిల్లవాడు వినలేదు.

ఎమ్యులేటర్ పెట్టేసి ఊరుకుంటే అది చూపించేది జపాన్‌దో అమెరికాదో బాల్యం. సెట్టింగుల్లో వెతికితే కొన్నిటిలో ‘డెండీ’ అనే ఆప్షన్ ఉంటుంది. డెండీ అంటే 1992లో రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు డబ్బా పేరు. రష్యావాళ్ళు తమ డూప్లికేటు ఎలా నడిచేదో పట్టించుకున్నారు గనక దానికో పేరొచ్చింది. గుంటూరు పిల్లల వేగం కావాలన్నా ఇప్పుడు రష్యా పేరు నొక్కాలి. నాకు ఒళ్ళుమండేది ఇక్కడే.

మనవాటిని మనం పట్టించుకోకపోవడం కొత్తేం కాదు. 1984లో కేంద్రం ‘క్లాస్’ అనే ప్రాజెక్టు పెట్టి బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 32 కేబీ మెమరీ, 2 మెగాహెర్ట్‌జ్ 6502 చిప్. చాలాచోట్ల వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారని, తర్వాత కండెమ్ చేసి తూకానికి వేశారని వినడమే. మెషిన్ పోయిందని నాకు దిగుల్లేదు, ఇంగ్లండ్‌లో అవి బోలెడు. కానీ ఇక్కడ పిల్లలు బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న ప్రోగ్రాముల ఫ్లాపీలు ఏ దేశంలో దొరుకుతాయి? అలాంటి పెట్టె ఎవరి అటక మీదైనా ఉంటే దానికి తెల్లరంగు తెప్పించడం కాదు, ముందు ఆ ఫ్లాపీలని కాపీ తీసి ఉంచాలి.

అప్‌గ్రేడ్‌లకి నేను వ్యతిరేకిని కాను. ఎస్‌డీ కార్డు పెట్టుకునే క్యాసెట్ కొన్నాను, డబ్బాకి ఒక్క స్క్రూ కూడా ఊడదీయక్కర్లేదు. యాంటెన్నా వైరు బదులు, బొమ్మనీ శబ్దాన్నీ నేరుగా టీవీకి పంపే ఏవీ అవుట్ పెట్టాను, పాత కన్నంలోంచే తీశాను, కొత్తగా ఏదీ కొయ్యలేదు. ఎల్‌ఈడీ టీవీలో మాత్రం బొమ్మ బాలేదు. ఈ డబ్బా ఇచ్చే 240 గీతల బొమ్మని చాలా కొత్త టీవీలు వేరేదనుకుని రెండు రెండు కలిపేస్తాయి, పరిగెత్తే మనిషి చెరిగిపోయినట్టు కనబడతాడు. ఇక బాతుల్ని కొట్టే తుపాకీ అసలే పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగు చూస్తే తగిలినట్టు. పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మని గీత తర్వాత గీతగా గీస్తుంది గనకే ఆ సెన్సర్ దాన్ని పసిగట్టగలదు. కొత్త టీవీకి ఆ మినుకు లేదు, పైగా బొమ్మ ఆలస్యంగా వస్తుంది. అందుకని పక్కింటివాళ్ళు వదిలించుకుంటున్న 14 అంగుళాల పాత టీవీని తెచ్చాను. ఊరికే ఇచ్చారు, ఆటోకి 120 అయింది. దాని వెనక మూత మాత్రం తియ్యను. పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు ప్లగ్ పీకాక కూడా నిలవుంటాయి, చెయ్యి పెడితే అంతే సంగతులు.

ఆటోనగర్‌లో పనిచేసే స్నేహితుడొకడు ఈ వాదనంతా విని నవ్వాడు. వాళ్ళ దగ్గర పాత లారీ వస్తే ఛాసిస్ నంబర్ ఒకటి ఉంచి కేబిన్, బాడీ, సీట్లు అన్నీ మార్చేస్తారు, అదీ పాత లారీనే. నిజమే. కానీ లారీ రేపు పొద్దున మిర్చి బస్తాలు ఎత్తుకుని మార్కెట్ యార్డుకి పోవాలి. నా డబ్బాకి పొద్దున్నే పనేం లేదు, ఎలా ఉండేదో చూపించడమే దాని పని. ఇంతా చేసి రిమోట్‌లో ‘ఏ’ బటన్ బాగుచేశాను. రబ్బరు కింద నల్లటి కార్బన్ పొర అరిగిపోయింది, మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే ఇప్పుడు ఎక్కడ నొక్కినా పలుకుతోంది. అది చెయ్యాలా వద్దా అని ఇప్పటికీ అనుమానమే.

మొన్న సంక్రాంతికి బావ వచ్చాడు. టీవీ ఆన్ చేసి నాలుగో నంబర్ పెట్టాను. నంబరు చూడగానే నవ్వాడు, వెంటనే అడిగాడు.

"మరి నా రెండో నంబరేది?"

బీరువాలోంచి తెల్ల డబ్బా తీసి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మన షాపుది కాదు బావా. ఎక్కడో కొని తెచ్చావ్."

"అదే."

బొటనవేలితో మూత మీద వెతికాడు. గరుకు తగిలినచోట ఆగాడు. "ఇక్కడేం పడింది?"

"నెయిల్ పాలిష్ రిమూవర్."

కాసేపు దాన్ని రుద్ది, డబ్బా పక్కన పెట్టి, నాలుగో నంబర్ రిమోట్ అందుకున్నాడు. దాంతో ఎప్పుడూ ఆడనివాడు కూడా ‘ఏ’ బటన్‌ని కుడి మూల మీదే నొక్కుతున్నాడు.

"ఇప్పుడు ఎక్కడ నొక్కినా పనిచేస్తుంది," అన్నాను.

"ఉండు బావా, చచ్చిపోతా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.